పిల్లల ఆట మీద రాసిన వార్త

1977 ఫిబ్రవరి. పోర్ట్ బ్లెయిర్‌లో ఇప్పుడు లేని ఒక చిన్న దినపత్రికలో నేను విలేకరిగా చేరి నాలుగేళ్లవుతోంది. ముఖ్యమైన సంగతి మొదటి పేరాలోనే చెప్పెయ్యాలని మా వృత్తిలో నేర్పుతారు. దాన్ని ఇంట్రో అంటాం. పాఠకుడు అక్కడితో చదవడం ఆపేసినా విషయం తెలిసిపోవాలి. ఆ అలవాటు ఇంకా పోలేదు కనుక ఇక్కడా అలాగే చెబుతాను. ఆ నెలలో నేను ఒక బాల్వాడీ పిల్లల ఆటల గురించి ఒక వ్యాసం రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు. అది అచ్చయిన పన్నెండు రోజులకు ఆ పిల్లలుండే పదమూడు ఇళ్లను కూలగొట్టారు.

ఆ వారం ఓడ లేదు. అండమాన్‌లో పుట్టినవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. అప్పట్లో మాకు వార్తలంటే ఓడతో వచ్చేవే: మనుషులు, ఉత్తరాలు, ఉల్లిపాయల బస్తాలు, బదిలీ మీద దిగే అధికార్లు. ఓడ రాని వారం మా పత్రికలో ఉన్న రెండే రెండు పేజీలు, ఒకటి హిందీ, ఒకటి ఇంగ్లీషు, నింపడం గగనమయ్యేది. ఎడిటర్‌గారు బీహార్ నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. నా బల్ల మీద ఒక ఉత్తరం పడేసి, “ఇది చూడు. పిల్లల మీద రాస్తే ఎవరికీ కోపం రాదు” అన్నారు హిందీలో.

ఉత్తరం తెలుగులో ఉంది, అందుకే నా దగ్గరకు వచ్చింది. “మా బాల్వాడీలో సోమవారం నుండి శనివారం వరకు ఆటల వారము జరుపుచున్నాము. తమరు వచ్చి చూసి, చూసినది వ్రాయగలరని ప్రార్థన.” కింద మార్తమ్మ, టీచర్ అని సంతకం.

పోర్ట్ బ్లెయిర్ నుంచి బోటు మీద ఓడరేవు దాటితే హోప్ టౌన్. అక్కడి నుంచి తీరం వెంట ముక్కాలు గంట నడిస్తే మడచెట్ల మధ్య ఒక క్రీక్, అంటే సముద్రపు పాయ, దాని వెనక కొండవాలు. వాలు కింద తెలుగువాళ్ల ప్రార్థన మందిరం, దాని చుట్టూ కాగితాలున్న కొద్ది ఇళ్లు, మందిరాన్ని ఆనుకుని రేకుల షెడ్డు. ఆ షెడ్డే బాల్వాడీ. వాలు మీద పదమూడు ఇళ్లు. ఆ చోటుకు పేరు లేదు. ఏ రిజిస్టర్లోనూ ఎక్కని చోటుకు పేరెవరు పెడతారు?

పేరు లేకపోవడానికి కారణం ఉంది. సెటిల్‌మెంట్ పథకం కింద ప్రభుత్వం తీసుకొచ్చిన కుటుంబాలకు పొలం, ఇంటి జాగా చూపించి కాగితం ఇచ్చారు. మా తెలుగువాళ్లు చాలామంది అలా రాలేదు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి ఎవరి టికెట్ వాళ్లు కొనుక్కుని ఓడెక్కి, పని దొరికిన చోట ఆగిపోయారు. మా నాన్న కూడా అలా ఆగినవాడే. ఆయనకు తర్వాత జెట్టీలో ఉద్యోగం, ఉద్యోగంతో పాటు క్వార్టర్ దొరికాయి. ఈ పదమూడు కుటుంబాలకు దొరకలేదు. నాటిన కొబ్బరి చెట్లు కాపుకొచ్చాయి గాని కాగితం రాలేదు. నేల ప్రభుత్వానిది. ఎప్పుడైనా ఆఫీసు వాళ్లు జీపులో వచ్చి ఖాళీ చెయ్యమనవచ్చు. ఏ ఆఫీసన్నది వాలు మీది జనానికి అనవసరం. వాళ్లకు అందరూ ‘జీపువాళ్లే’.

మార్తమ్మగారికి అప్పటికి నలభై దాటి ఉంటాయి. విశాఖలో ఆరు నెలలు శిక్షణ పొంది వచ్చారు. ప్లే-వే అంటారు ఆవిడ నేర్చుకున్న పద్ధతిని. నాలుగైదేళ్ల పిల్లలకు అక్షరం కంటే ముందు చెయ్యి, కన్ను, మాట కుదరాలి, అవి ఆటలోనే కుదురుతాయన్నది దాని సారాంశం. ఇది ఊళ్లో ఆవిడ తప్ప ఎవరూ నమ్మరు. నేను మొదటిరోజు వెళ్లేసరికి మందిరం పెద్ద దానయ్యగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను పేపరు మనిషినని తెలియగానే నన్ను జడ్జీని చేసేశారు.

“నువ్వే సెప్పు బావూ. అ ఆలు రావు, ఏబీసీడీలు రావు. వారం రోజులు ఇసకలో ఆడిస్తాదట ఈ టీచరమ్మ. ఇసకాట మా ఇంటికాడా ఆడతారు. దానికి టీచరెందుకు?”

“మీ ఇంటికాడ ఆడితే మీరు తంతారు దానయ్యగారూ. నేను తన్నను. అదే తేడా” అన్నారావిడ, పిల్లల ముక్కులు తుడుస్తూనే.

శనివారం పోర్ట్ బ్లెయిర్ నుంచి ఒక అధికారి వస్తాడని, ఆయన మెచ్చితే ఇది సర్కారీ బాల్వాడీ అవుతుందని, లేకపోతే షెడ్డు వలలు పెట్టుకోవడానికి పెద్దలు తీసేసుకుంటారని ఆవిడ నాకు విడిగా చెప్పారు. “పేపర్లో పడితే ఆ సాబ్ కాస్త ఆలోచిస్తాడు తమ్ముడూ. లేనిది రాయొద్దు. చూసిందే రాయి.”

సోమవారం తడి ఇసక, కొబ్బరి చిప్పలు. మంగళవారం ఓడ ఆట. బెంచీలు తిరగేసి ఓడ చేశారు. పిల్లలు మూటలతో లైను కట్టారు. ఒకడు ఓడలో పడుకుని వాంతి చేసుకుంటున్నట్టు నటించాడు. తల్లుల దగ్గర విన్న మూడు రోజుల ప్రయాణం అంతా అందులో ఉంది. ఒక చిన్న సంగతి నాకు నచ్చి రాసుకున్నాను: ఆ పిల్లలు అధికారం చెలాయించాల్సి వచ్చినప్పుడు హిందీలోకి మారతారు, తిట్టాల్సి వస్తే తెలుగులోకి వస్తారు. “లైన్ మే ఆవో!” అని అరిచిన పిల్లే వెంటనే పక్కవాడితో, “ఒరే, కాలు తొక్కినావంటే సంపేస్తాను” అంది. ఆ పిల్ల పేరు పైడి. ఐదేళ్లు. వాలు మీద మూడో ఇల్లు. తల్లి అప్పయ్యమ్మ, తండ్రి మొదటి బోటుకు పోర్ట్ బ్లెయిర్ కూలికి పోతాడు.

బుధవారం చెక్కల ఆట. సామిల్లులో మిగిలిపోయిన పడాక్ చెక్క ముక్కలను మార్తమ్మగారు గోనెసంచిలో తెప్పించి, అంచులు గరుకు కాగితంతో రుద్ది పెట్టారు. ఎర్రగా, నున్నగా ఉన్నాయవి. ఇల్లు కట్టండి అన్నారు. నలుగురైదుగురు కలిసి గోడలు పేర్చి, పైన వెడల్పు పలక పెట్టారు. లోపల రాయి పెట్టి పొయ్యి అన్నారు. ఇంతలో పైడి లేచి గుమ్మం దగ్గరకు వెళ్లి, నోటికి చేతులడ్డం పెట్టుకుని గొంతెత్తింది.

“గంగీ! ఓ గంగీ! రాయే గంగీ!”

పిలుపు ముగియకుండానే పిల్లలు కదిలారు. ఒకతె పొయ్యి మీద నీళ్లు పోసినట్టు చేసి రాయిని గంప కింద దాచింది. ఇద్దరు పైకప్పు పలక ఎత్తి, పక్కన ఇసకలో పడుకోబెట్టి ఆకులు కప్పారు. మిగతావాళ్లు చిప్పలూ పుల్లలూ పోగుచేసి బెంచీ వెనక దాచి, చతికిలబడి గడ్డి పీకుతూ కూర్చున్నారు. అప్పుడు పైడి చేతులు వెనక్కి కట్టుకుని, పొట్ట ముందుకు పెట్టి నడిచొచ్చింది.

“యే క్యా హై?”

“కుఛ్ నహీ సాబ్. పాక.” ఏమీ లేదు, ఒట్టి పాక అని.

“చూల్హా కహా హై?” పొయ్యి ఏదీ అని.

“చూల్హా నహీ సాబ్.”

పైడి ఒకసారి గుడ్లురిమి వెనక్కి వెళ్లిపోయింది. పిల్లలు పగలబడి నవ్వి మళ్లీ పలక ఎత్తి ఇంటి మీద పెట్టారు. మొత్తం రెండు నిమిషాలు పట్టలేదు. నేనూ నవ్వాను. నోట్‌బుక్కులో ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నాను. మార్తమ్మగారు మాత్రం, “చాలు చాలు, పాలు తాగుదురు గాని రండి” అని పిల్లల్ని లేపేశారు. నావైపు చూడలేదు.

గురువారం పైడిని తీసుకెళ్లడానికి అప్పయ్యమ్మ, పక్కింటామె వచ్చారు. వాళ్లతో పాటు నేనూ వాలు ఎక్కాను.

“మీ గంగి పాలెన్నిస్తుంది?” అని అడిగాను.

“ఎవుల గంగి బావూ?”

“ఆవు. నిన్న మీ పైడి పిలిచిందే.”

అప్పయ్యమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. “అదా. పాలియ్యదు బావూ. ఒట్టిపోయింది.”

“ఏది, కనబడదేం?”

“మేతకెల్లింది.”

“మళ్లీ ఎప్పుడొస్తుంది?”

“జీపొచ్చినప్పుడొస్తాది” అంది పక్కింటామె. ఇద్దరూ నిలబడిపోయి నవ్వారు. నవ్వు ఆగాక అప్పయ్యమ్మ ఆమెను మోచేత్తో పొడిచి, “నోరా అది, తూమా?” అంది. తర్వాత ఇద్దరూ నాకంటే ముందు గబగబా ఎక్కిపోయారు.

వాలు మీద ఆవు లేదు. కొట్టం లేదు, పేడ లేదు. ఇళ్లను దగ్గరగా చూశాను. వెదురు తడికల గోడలు. పైన రేకులను తీగతో కట్టారు, ఒక్క మేకు లేదు. తీగ ముడి విప్పితే రేకు చేతిలోకొస్తుంది. ఆట అప్పుడర్థమైంది. మలుపు దగ్గర ఆ పూట ఎవరుంటే ఆమె కింద జీపు కనబడగానే లేని ఆవును పిలుస్తుంది. పొయ్యిలు ఆర్పి, రేకులు దించి కొబ్బరి మట్టల కింద పడేసి, సామాను మడచెట్లలోకి చేర్చి, గడ్డికోసం వచ్చినవాళ్లలా కూర్చుంటారు. పొయ్యీ కప్పూ లేకపోతే అది ఇల్లు కాదు, పాక అని వాళ్ల నమ్మకం. ఆరేళ్లుగా అలాగే నడుస్తోంది. పిల్లలు దానిలోనే పుట్టి పెరిగారు. చెక్కలిచ్చి ఇల్లు కట్టమంటే వాళ్లకు తెలిసిన ఇల్లు కట్టారు.

తిరిగొచ్చేసరికి మార్తమ్మగారు షెడ్డు ఊడుస్తున్నారు. నా మొహం చూసి చీపురు పక్కన పెట్టారు.

“పేపరోడికి దాచమని చెప్పకూడదు తమ్ముడూ. నాకు తెలుసు. అయినా చెప్తన్నాను.”

“ఇళ్ల సంగతి రాయనక్కా” అన్నాను.

“దేవుడి మీద?”

“దేవుడి మీద.”

ఆవిడ ఆట గురించి విడిగా అడగలేదు. ఆట వేరు, ఇళ్లు వేరు అని ఆవిడకు తోచలేదు. నాకు తోచింది.

శుక్రవారం చెక్కల సంచి పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఆ రోజంతా పిల్లలతో ఆకులు అంటించే పని చేయించారు. శనివారం పది గంటలకు జెట్టీ నుంచి ఎవరిదో జీపు అడిగి తీసుకుని అధికారి వచ్చారు. ముందే కబురుంది కనుక వాలు మీద ఎవరూ ఎవర్నీ పిలవలేదు. ఆయన మర్యాదస్తుడు. పాటలు విన్నారు, ఆకుల బొమ్మలు చూశారు, పెట్టెలో ఏముందని అడిగారు. తీయక తప్పలేదు. పిల్లలు ఇల్లు పేర్చారు. అంతవరకూ బాగానే ఉంది. బయట డ్రైవరు జీపు వెనక్కి తిప్పుకుంటూ హారన్ కొట్టాడు.

“గంగీ! ఓ గంగీ!” అంది పైడి.

రాయి గంప కిందకు వెళ్లింది. పలక ఇసకలోకి వెళ్లింది. చిప్పలు మాయమయ్యాయి. పిల్లలంతా బుద్ధిగా కూర్చుని గడ్డి లేని నేల మీద గడ్డి పీకుతున్నారు. అధికారి కళ్లజోడు సర్దుకుని, ఇదేం ఆట అని అడిగారు.

మార్తమ్మగారు తడుముకోలేదు. “ఆట అయిపోయాక ఎక్కడివక్కడ సర్దడం సార్. గంట బదులు ఒక పిలుపు పెట్టుకున్నాం. వినగానే సర్దేస్తారు” అన్నారు హిందీలో.

“వెరీ గుడ్! ఇంత డిసిప్లిన్ మా ఇంట్లో లేదు” అని ఆయన కాగితం మీద రాసుకున్నారు. వెనక నిలబడ్డ దానయ్యగారు పొడి దగ్గు తెచ్చుకుని బయటికి నడిచారు. జీపు వెళ్లిపోయాక లోపలికొచ్చి, “టీచరమ్మా, ప్రార్థన మందిరం గోడకానుకుని ఎంత బాగా కోతలు కోసినావమ్మా!” అన్నారు.

“ప్రభువు క్షమిస్తాడు లెండి. జీపువాళ్లయితే క్షమించరు” అన్నారావిడ. ఆ వారంలో ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఆదివారం ఆఫీసులో కూర్చుని కాపీ రాశాను. విలేకరి రాసి డెస్కుకు ఇచ్చే ప్రతిని కాపీ అంటాం. మార్తమ్మగారు అధికారికి చెప్పిన మాటే నేనూ రాస్తే సరిపోయేది. రాశాను కూడా. “ఒక పిలుపు వినగానే పిల్లలు వస్తువులను సర్దివేస్తారు” అని. చదువుకుంటే చప్పగా ఉంది. అలాంటి వాక్యం ఏ స్కూలు గురించైనా రాయవచ్చు. కొట్టేశాను. కొట్టేసి, చూసింది చూసినట్టు రాశాను: గుమ్మంలో పైడి, లేని ఆవు, ఆరిన పొయ్యి, దిగిన కప్పు, చేతులు వెనక్కి కట్టుకున్న సాబ్, కుఛ్ నహీ సాబ్ పాక. ఇళ్ల సంగతి ఎక్కడా రాయలేదు. అంటే, ‘వాలు మీది పదమూడు ఇళ్ల నుంచి ఈ పిల్లలు వస్తారు’ అని పై పేరాలో రాసిందే తప్ప. బాల్వాడీ ఎక్కడుందో రాశాను, అది పాఠకుడికి చెప్పాల్సిన వివరం. మాటిచ్చిన దానికి నేను అక్షరాలా కట్టుబడ్డాననే అనుకున్నాను. ఆ పేరా బాగా వచ్చిందని కూడా అనుకున్నాను. నిజంగానే బాగా వచ్చింది.

ఎడిటర్‌గారు చదివి ఆ పేరా చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో గీత గీశారు. దాన్ని విడిగా, చుట్టూ గీతలతో, ఇంగ్లీషు పేజీ మధ్యలో బాక్స్ ఐటమ్‌గా వేస్తామన్నారు.

“ఈ గంగి ఎవరు?”

“పిల్లల ఊహ సాబ్” అన్నాను.

ఆ వ్యవహారం మొత్తంలో నేనాడిన అబద్ధం అదొక్కటే. అది అచ్చులో లేదు.

మంగళవారం వచ్చింది పత్రిక. బజారులో ఇద్దరు ముగ్గురు ఆపి బాగుందన్నారు. ఒక పెద్ద ఆఫీసు నుంచి ఎవరో ఫోన్ చేసి, ఆ బాల్వాడీ సరిగ్గా ఎక్కడ అని అడిగారట. ఎడిటర్‌గారు సంతోషంగా దారి చెప్పారు. మార్తమ్మగారికి ఇంగ్లీషు అంతంత మాత్రం. ఆ తర్వాతి ఆదివారం ప్రార్థన అయ్యాక దానయ్యగారి అబ్బాయి అందరికీ చదివి తెలుగులో చెప్పాడని తర్వాత విన్నాను. పిల్లల పేర్లు రాగానే అందరూ నవ్వారట. చివరికొచ్చేసరికి ఎవరూ నవ్వలేదట. ఆ వారమంతా ఆవిడ దగ్గర్నుంచి మెచ్చుకోలు ఉత్తరం వస్తుందని నేను రోజూ టపా చూసుకున్నాను.

వచ్చింది ప్రెస్ నోటు. ప్రభుత్వ కార్యాలయాలు పత్రికలకు పంపే ప్రకటన అది. మూడు వాక్యాలు. హోప్ టౌన్ అవతల ప్రభుత్వ భూమిలో పదమూడు ఆక్రమణలు శాంతియుతంగా తొలగించడమైనది. దాన్ని కుదించి రెండు వాక్యాలు చెయ్యమని డెస్కు మీద నాకే ఇచ్చారు. చేసి, మరుసటి పొద్దున బోటెక్కాను.

అవతలి జెట్టీ దగ్గర టీ దుకాణంలో సూర్యం కనిపించాడు. ఇళ్లు కూల్చిన ఆఫీసులోనే గార్డు. చిన్నప్పుడు నాతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. నన్ను చూసి గ్లాసు కింద పెట్టాడు.

“సూడ్డానికొచ్చినావేటి భయ్యా? ఏటీ మిగల్లేదు.”

“నేను ఇళ్ల గురించి రాయలేదు సూర్యం. పిల్లల ఆట రాశాను. దాన్ని బట్టి మీకు తెలిసిపోతుందని...”

“తెలిసిపోడమేటి?” అని వాడు నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. “మాకు తెలీదనుకున్నావేటి? ఆరేళ్ల బట్టి ఇంటన్నాం ఆ గంగి అరుపు. అరుపు ఇనగానే జీపు కింద ఆపీసి, బీడీలు ముట్టించీవోళ్లం. ఆళ్లకి టైమియ్యాల కదా. బీడీ అయిపోయాక మెల్లిగా ఎక్కి, సూసి, పాకలు ఖాళీగా ఉన్నాయని రాసీసి దిగిపోయీవోళ్లం. పెద్ద సాబ్‌కీ తెలుసు. కాగితం మీద లేదు గనక ఆయనా ఊరుకున్నాడు.”

“మరి?”

“మరేటి. నీ పేపరు ఆయన మీది ఆఫీసరు దగ్గర్నుంచి టేబుల్ మీదకొచ్చింది. మమ్మల్ని లైన్లో నిలబెట్టి అడిగినాడు. ‘మీరు ఆరేళ్లు చూసింది పాకలా, ఇళ్లా? ఐదేళ్ల పిల్లకు తెలిసింది మీకు తెలీదా?’ నౌకరీ కావాలా, పాక అనాలా? నువ్వే సెప్పు.”

“ఈసారీ పిలిచారా?” అని అడిగాను.

“పిల్సింది. అప్పయ్యమ్మే. సానా సేపు పిల్సింది.” వాడు గ్లాసులో టీ నేల మీద పారబోశాడు. “ఎవులం బీడీ ముట్టించలేదు.”

మా ద్వీపంలో పుట్టి పెరిగి నేను తెలుసుకోని సంగతి అది. ఇక్కడ చాలామంది బతుకు, అందరికీ తెలిసి ఎవరూ రాయని సంగతుల మీద నడిచేది. గార్డుకు తెలుసు, సాబ్‌కు తెలుసు, బోటు నడిపేవాడికి తెలుసు. నేను వాటిని రహస్యం అనుకున్నాను. రహస్యాన్ని నేర్పుగా తప్పించుకుంటూ రాశానని మురిసిపోయాను. అది రహస్యం కాదు, ఒప్పందం. అచ్చులోకి రానంత కాలమే దాని ఆయుష్షు.

వాలు మీద గుంజలు మొదలు దాకా కోసేసి ఉన్నాయి, మళ్లీ పాతడానికి పనికి రాకుండా. రేకులు పట్టుకుపోయారు. షెడ్డులో మార్తమ్మగారి ముందు నలుగురు పిల్లలున్నారు, నలుగురూ కింద మందిరం వైపు కాగితాలున్న ఇళ్ల వాళ్లు. నన్ను చూసి ఆవిడ తిట్టలేదు. తిడతారనే ధైర్యంతోనే వెళ్లాను.

“సర్కారీ అయిందంట తమ్ముడూ. నిన్ననే కబురొచ్చింది. నీ పేపరు చూసి ఆ శనివారం వచ్చిన సాబ్ చాలా సంతోషపడ్డాడంట” అన్నారు. “కూల్చిన మర్నాడు పైడిని తెచ్చి దింపింది వాళ్లమ్మ. చెక్కలిచ్చాను. ఇల్లు పేర్చింది. పేర్చి, దాని ముందు అడ్డంగా కూర్చుంది. ఛుట్టీ అయింది, బడి విడిచే వేళ, సర్దేద్దాం అంటే ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నేను దగ్గరకెళ్తే కరిచింది” అని చెయ్యి చూపించారు. పళ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి.

అప్పయ్యమ్మ మందిరం వరండాలో మూటలు కడుతోంది. మరో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లున్నారు. పైడి ఒక మూట మీద కూర్చుని ఉంది. నేను ఎదురుగా నిలబడి, ఒక బ్రహ్మాండమైన ఆలోచన తెచ్చినవాడిలా, ఫాలో-అప్ రాస్తానన్నాను. ఒక వార్త తర్వాత ఏమైందో చెబుతూ రాసే రెండో వార్తను అలా అంటాం. “మీకు అన్యాయం జరిగిందని రాస్తాను. పేర్లతో సహా, ఇప్పుడెక్కడికి వెళ్తున్నారో, ఎలా ఉన్నారో అన్నీ రాస్తాను. పెద్దవాళ్లు చదువుతారు.”

అప్పయ్యమ్మ ముడి బిగించి, పళ్లతో తాడు లాగి, తలెత్తింది. కోపం లేదు ఆమె మొహంలో. చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

“వద్దు బావూ. ఎక్కడున్నామో మళ్లీ రాసీకు.”

ఆ ఫాలో-అప్ రాయలేదు. ఇరవయ్యారేళ్లు ఉద్యోగం చేశాను. తర్వాత వచ్చిన కుర్ర విలేకరులు ఏం నేర్చుకోవాలని అడిగినప్పుడు వాక్యం గురించీ, నిర్ధారణ గురించీ చెప్పేవాణ్ని, ఎందుకంటే అవి నేర్పడం తేలిక. రాసింది నిజమా కాదా అని చూడటం నాకూ నేర్పారు. ఈ నిజం ముందుగా ఎవరి బల్ల మీదికి వెళుతుంది అని అడగడం ఎవరూ నేర్పలేదు. అది నేర్చుకున్నది నేను, దానికి ఇళ్లు పోగొట్టుకున్నది వాళ్లు. ఆ లెక్కను సమం చేసే వాక్యమేదీ నాకు ఇప్పటికీ రాదు.

ఇందులో మనుషుల పేర్లన్నీ మార్చాను. ఆ పదమూడు కుటుంబాల్లో కొన్ని మెయిన్‌లాండ్‌కు తిరిగి వెళ్లిపోయాయి. మిగతావాళ్లు రెండు చోట్ల మళ్లీ ఇళ్లు కట్టుకున్నారు. ఆ చోట్లు రెండూ నాకు తెలుసు.